దానం మూడు రకాలు: మన డెల్టాలో చర్చిలు ఎలా నిలబడ్డాయి?

ఈ వారం వీడియోలో గీత 17వ అధ్యాయం, శ్రద్ధాత్రయ విభాగ యోగం చెప్పుకున్నాం. అందులో దానం గురించి మూడు శ్లోకాలున్నాయి, 20 నుంచి 22 దాకా. వీడియోలో టైమ్ సరిపోక వాటికి ఒక్క ఉదాహరణ కూడా ఇవ్వలేదు. ఆ ఉదాహరణే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు ఆ మూడు శ్లోకాల సారం ఒకసారి గుర్తు చేసుకుందాం.

సాత్విక దానం: ఇవ్వడం నా ధర్మం అనుకుని, మనకి తిరిగి ఏమీ చేయలేని పాత్రుడికి, తగిన చోట, తగిన సమయంలో ఇచ్చేది.

రాజస దానం: తిరిగి ఏదో వస్తుందని, ఫలం మీద కన్ను వేసి, లోపల గొణుక్కుంటూ ఇచ్చేది.

తామస దానం: తగని చోట, తగని వేళ, పాత్రత చూడకుండా ఇచ్చేది. ఆదరం లేకుండా, ఎదుటివాణ్ని చులకన చేసి ఇచ్చేది కూడా ఇదే.

ఇప్పుడు ఈ కొలబద్ద తీసుకుని తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వెళ్దాం.

తెనాలిలో రేపల్లె రైలెక్కితే సుమారు 34 కిలోమీటర్ల దారి. వేమూరు, భట్టిప్రోలు, పల్లెకోన దాటి రేపల్లె. కిటికీ పక్కన కూర్చుంటే వరి చేలు, గోపురాలు కనిపిస్తాయి. దాదాపు ప్రతి ఊరి పేటలోనూ ఒక చర్చి కూడా కనిపిస్తుంది. కొన్ని పాత రాతి కట్టడాలు, కొన్ని ఈమధ్య వేసిన రేకుల షెడ్లు, కొన్ని అద్దె ఇంటి ముందు కట్టిన బోర్డు మాత్రమే. ఇది చూసి మన వయసు వాళ్లలో చాలామంది అనే మాట ఒకటే: "డబ్బులిచ్చి మార్చేస్తున్నారు." వాట్సాప్‌లో ఈ మాట మనందరికీ వచ్చే ఉంటుంది. ఇది ఎంతవరకు నిజమో గీత ఇచ్చిన కొలబద్దతోనే చూద్దాం. నా మటుకు నాకు ఇందులో మన ధర్మానికి పనికొచ్చే పాఠం ఉందనిపించింది, అందుకే రాస్తున్నాను.

కరువులో ఆగిన బాప్తిస్మాలు

మన ప్రాంతానికి ప్రొటెస్టెంట్ మిషనరీలు వచ్చి 180 ఏళ్లు దాటింది. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరుకి వచ్చింది 1842 జులై 31న. తెనాలి, రేపల్లె వైపు ఎక్కువగా లూథరన్లు పనిచేశారు. ఒంగోలు నుంచి బాపట్ల వైపు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. తర్వాత సాల్వేషన్ ఆర్మీ కూడా బాపట్ల చుట్టుపక్కల స్థిరపడింది.

ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీలో మహా కరువు మొదలైంది. ఆ కరువులో ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనులు పెట్టింది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి కూలి పని ఇచ్చాడు. పార పట్టినవాళ్లలో మాదిగలు, మాలలు, ఇంకా ఎన్నో కులాలవాళ్లు ఉన్నారు.

ఇక్కడ గమనించండి. కరువు సాయం నడిచినన్నాళ్లూ, దాదాపు పదిహేను నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినా ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారనే మాట రాకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మన కొలబద్ద పెట్టండి. ఆకలి వేళ ఇచ్చాడు, అంటే తగిన సమయం. తిరిగి ఏమీ ఇవ్వలేనివాళ్లకి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు బదులుగా ఏమీ తీసుకోలేదు, వాళ్లు ఇస్తామన్నా సరే. ఆయన నమ్మకం మనది కాదు, విగ్రహారాధన గురించి ఆయన అభిప్రాయాలు మనకి నచ్చవు. అయినా ఆ పదిహేను నెలల పనిని 20వ శ్లోకం పక్కన పెడితే అతుకుతుందా లేదా, మీరే చెప్పండి.

మరి తిండి ఆగిపోయాక కూడా ఎందుకు వచ్చారు? దానికి జవాబు అంతకు పన్నెండేళ్ల ముందు ఉంది. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఈ ఉద్యమాన్ని ఊరూరా తిప్పింది మొదట ఆయనే. క్రైస్తవుడు కాకముందు పేరయ్య గురువు దగ్గర ఉపదేశం తీసుకుని రాజయోగం సాధన చేసిన మనిషి. అంటే దేవుడి కోసం వెతుకులాట ఆయనకి అమెరికా నుంచి దిగుమతి కాలేదు. మన నేల మీదే, మన గురుపరంపరలోనే మొదలైంది. ఆ దాహం ఉన్న మనిషికి ఊరి గుడి తలుపు మాత్రం తెరుచుకోలేదు.

అదే రోజుల్లో ఒంగోలు పట్నంలోని పై కులాలవాళ్లు కొందరు క్లౌ దగ్గరికి ఆసక్తిగా వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే మేం రాము అని వాళ్లు తేల్చి చెప్పారు. ఆయన మాదిగలనే ఎంచుకున్నాడు. చర్చి ఎందుకు పెరిగిందని అడిగేవాళ్లు డబ్బు లెక్క కంటే ముందు ఈ ఎంపికను చూడాలి.

హిందూ జమీందారు కట్టించిన సత్రం

క్రైస్తవ సేవకి సాయం అనగానే విదేశీ డబ్బే గుర్తొస్తుంది. సాయం చేసిన హిందువులు కూడా ఉన్నారు.

డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరుకి వచ్చింది. ఆడవాళ్లకి మగ డాక్టరు నాడి పట్టుకోవడమే తప్పనుకునే కాలం అది. ఆమె ముందు చిన్న డిస్పెన్సరీ నడిపి, తర్వాత గుంటూరులో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి కట్టించింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. వచ్చిన దగ్గర్నుంచి లెక్కేస్తే నలభై ఏడేళ్లు.

ఏలూరు జమీందారు మంత్రిప్రెగడ భుజంగరావు గారు తెలుగు సాహిత్యం చదివినవాళ్లకి తెలిసిన పేరే, స్వయంగా కవి. తన కుటుంబానికి ఆ డాక్టరమ్మ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల వెంట వచ్చే బంధువులు దిగడానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. మతం మార్చుకోలేదు. అలాగని ఆమె క్రైస్తవురాలు కదా అని వెనకాడలేదు కూడా. మంచి పని ఎక్కడ జరుగుతుందో చూసి అక్కడ నిలబడ్డారు. ఆయన భక్తికి దానివల్ల వచ్చిన లోటేమీ లేదు.

బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వాళ్ల కుష్ఠు ఆసుపత్రి, పొన్నూరు పక్కన నిడుబ్రోలులో వాళ్లదే ఇంకో ఆసుపత్రి ఉన్నాయి. కుష్ఠు వచ్చిన మనిషిని సొంత ఇల్లే బయటికి పంపిన రోజులు మన తాతల కాలం దాకా ఉన్నాయి. అలాంటి పుండుకి కట్టు కట్టినవాణ్ని కట్టు కట్టించుకున్నవాడు మర్చిపోతాడా?

ఇచ్చే చేయి కాపలా కాస్తే

అంతా పొగడ్తే అయితే ఇది పాఠం అవదు. రెండో వైపు కూడా చూద్దాం.

బాపట్లకి, చీరాలకి మధ్య స్టూవర్టుపురం ఉంది. మనకి ఆ పేరు సినిమాల ద్వారా తెలుసు. అసలు కథ ఏంటంటే, 1911 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే నేరస్తులుగా బ్రిటిష్ ప్రభుత్వం ముద్ర వేసింది. వాళ్లను ఒకచోట ఉంచి "బాగుచేసే" పని సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పింది. అలా పుట్టిన సెటిల్‌మెంటు అది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. భూమి ఇచ్చారు, బడి పెట్టారు, పని చూపించారు. దాంతోపాటు హాజరు పట్టీ కూడా పెట్టారు. అనుమతి లేకుండా సెటిల్‌మెంటు దాటి వెళ్లకూడదు. ఆ చట్టం రద్దయింది 1952లో. ముద్ర మాత్రం ఆ ఊరివాళ్ల పిల్లలను ఉద్యోగాల్లో, పోలీస్ స్టేషన్లలో చాలాకాలం వెంటాడింది.

ఇక్కడ బడి ఉంది, పొలం ఉంది, ప్రార్థన కూడా ఉంది. కానీ తీసుకునేవాణ్ని మనిషిగా కాక కేసుగా చూశారు. దాన్ని 22వ శ్లోకం ఏమంటుందో పైన చదివారు. క్లౌ, కుగ్లర్, స్టూవర్టుపురం అందరూ అదే బైబిలు పట్టుకున్నవాళ్లు. ఇచ్చిన తీరు వేరు, ఫలితం వేరు. కాబట్టి ఈ కొలబద్ద హిందువులకి ఒకలా, క్రైస్తవులకి ఒకలా పనిచేయదు.

గేటు తెరిచిన రాత్రులు

ఈ భాగం రాయడం నాకు కష్టంగా ఉంది. కానీ ఇది లేకుండా మన ప్రాంతంలో చర్చి గురించి మాట్లాడటం అబద్ధమవుతుంది.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. బతికినవాళ్లు చీరాల పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న తెనాలి పక్కన చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. ఊరు వదిలి తెనాలి చేరినవాళ్లకి అక్కడి సాల్వేషన్ ఆర్మీ చర్చి ఆవరణ శిబిరమైంది. చుండూరు కేసులో ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు వాళ్లను నిర్దోషులుగా విడిచిపెట్టింది.

నేను అడిగేది ఒక్కటే. ఆ రెండు చోట్లా చుట్టుపక్కల ఎన్నో గుళ్లు ఉన్నాయి, మండపాలున్నాయి, సత్రాలున్నాయి. ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరుగెత్తే మనిషి కాళ్లు అటు ఎందుకు తిరగలేదు? ఆ తలుపు మన కోసం తెరుచుకోదని ఆ కాళ్లకి తరాలుగా తెలుసు కాబట్టి. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లోనే వచ్చింది. అయినా చట్టం గుడి గడప దాకా వచ్చి ఆగిపోయిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు?

ఇక డబ్బు ప్రశ్న. పాత మిషన్ సంస్థలకి విదేశాల నుంచి డబ్బు వచ్చిన మాట నిజం, అదేం రహస్యం కాదు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1927లో ఏర్పడినప్పటి నుంచి ఇక్కడివాళ్ల చేతుల్లోకి పనులు క్రమంగా వస్తూ వచ్చాయి. ఇవాళ విదేశీ విరాళాలు ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కిందే రావాలి. 2020 సవరణ తర్వాత, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకి బదిలీ చేయడానికి వీల్లేదు. మరి పేటలో ఉన్న ఆ రేకుల షెడ్డు ఎలా నడుస్తోంది?

మా టీమ్‌లో రేపల్లె వైపు అబ్బాయి ఒకడున్నాడు. ఒకరోజు లంచ్‌లో నేనే అడిగాను. నవ్వి, "మా పాస్టర్ గారికి అమెరికా నుంచి ఎవరు పంపిస్తారన్నా? మా అమ్మ కూలి డబ్బుల్లోంచే పదో వంతు తీసి పక్కన పెడుతుంది. నేను ఉద్యోగంలో చేరాక మొదటి జీతం కానుక వేశాను. కోతల పండుగకి ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి చర్చిలో వేలం పాడతారు, దాంతో రేకులు మార్పించాం" అన్నాడు. నాకు వెంటనే మా ఊళ్లో వినాయకుడి లడ్డు వేలం గుర్తొచ్చింది.

ఈ పద్ధతికి మన దగ్గర పాత చరిత్రే ఉంది. దోర్నకల్‌లో వి.ఎస్. అజరయ్య 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆ ప్రాంతంలో ఆడవాళ్లు వంటకి బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు. ఆ బియ్యం సంఘానికి. పిడికెడు తగ్గినా ఆ పూట ఇంట్లో అన్నం సరిపోతుంది, ఏడాది తిరిగేసరికి ఉపదేశకుడి జీతం వస్తుంది. తనకే చాలని మనిషి, రోజూ, ఎవరికీ చెప్పకుండా ఇచ్చేది ఇది. మన ఇళ్లలో ముడుపు కట్టే పద్ధతి తెలిసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు.

మోసం చేసే పాస్టర్లు లేరని నేను అనట్లేదు. రోగం తగ్గిస్తామని వసూళ్లు చేసేవాళ్లు, మన దేవుళ్లను మైకులో తిట్టేవాళ్లు ఉన్నారు. బాబాల పేరుతో అదే పని చేసేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. ఇద్దరికీ చట్టం ఒకటే, ఫిర్యాదు చేయొచ్చు. కానీ కూలి డబ్బుల్లోంచి పదో వంతు తీసే ఆ తల్లిని "అమ్ముడుపోయింది" అనడం మాత్రం పాపం.

లెక్కల్లో తగ్గుదల, వీధిలో పెరుగుదల

డేటా ఇష్టపడే మనలాంటివాళ్లకి ఒక చిక్కు లెక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 జనాభా లెక్కల ప్రకారం క్రైస్తవులు 4.19 శాతం. 2011లో 1.34 శాతం. వీధిలో చర్చిలు పెరుగుతుంటే కాగితం మీద జనం తగ్గారు.

దీనికి ఒక పెద్ద కారణంగా చెప్పేది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. ఎస్సీ హోదా మొదట హిందువులకే పరిమితం, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుంది. మన రాష్ట్రంలో అలాంటివాళ్లకి బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది, అంతే. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు కూడా మన బాపట్ల దగ్గరి పిట్టలవానిపాలెం మండలం కేసులోదే. తనను కులం పేరుతో దూషించి కొట్టారని ఒక పాస్టరు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. క్రైస్తవంలోకి మారిన మనిషికి ఆ చట్టం రక్షణ వర్తించదని కోర్టు చెప్పింది.

"రెండు చోట్లా లాభం పొందుతున్నారు" అని మనవాళ్లు కోప్పడతారు. చట్టం చట్టమే, సర్టిఫికెట్‌లో ఉన్నది నిజమై ఉండాలనడం తప్పు కాదు. కానీ ఇంకో కోణం కూడా ఆలోచించండి. మతం మారినంత మాత్రాన ఊరు అతన్ని చూసే చూపు మారిందా? పేట అక్కడే ఉంది. తిట్టే మాట అదే. చాలా చోట్ల చర్చిల్లో కూడా మాల, మాదిగ తేడాలు, పెళ్లి సంబంధాల దగ్గర పై కులం లెక్కలు పోలేదు. కులం మన నుంచి వాళ్ల దాకా వెళ్లిన జబ్బు. దాని మందు కూడా ఇద్దరం కలిసి వెతకాల్సిందే.

మన సంగతి ఏంటి?

రేపల్లె రైలు భట్టిప్రోలులో ఆగుతుందని పైన చెప్పాను. అక్కడ బౌద్ధ స్తూపం ఉంది, క్రీస్తుకి పూర్వపు శాసనాలు దొరికాయి. ఒకప్పుడు ఈ డెల్టాలో బౌద్ధం చాలా బలమైన మతం. ఇవాళ అక్కడ ఇటుకలు మిగిలాయి. ఏ మతమైనా పెరిగిందా తగ్గిందా అన్న లెక్క కన్నా, దాన్ని మోసే మనుషులు పక్కవాడి తలుపు దగ్గర ఎంతకాలం నిలబడ్డారన్నదే చివరికి మిగులుతుంది.

చర్చి పెరుగుతోందని భయపడేవాళ్లకి నేను చెప్పేది ఇదే. భయపడి చేసే సేవ రాజస దానం, ఎందుకంటే దాని వెనక జనాభా లెక్క ఉంది. "వాళ్లు వెళ్లిపోకుండా" అని పేటలో అన్నదానం పెడితే, తినేవాడికి ఆ సంగతి మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. టీటీడీ "దళిత గోవిందం" పేరుతో స్వామివారిని పేటలకి తీసుకెళ్లింది, మంచి పని. కల్యాణం అయ్యాక స్వామి తిరిగి వెళ్లిపోతారు. మర్నాడు ఉదయం మనం అక్కడ ఉన్నామా అన్నదే ప్రశ్న.

అలాగే పక్క వీధి చర్చి నడిపే ట్యూషన్‌కి ఒక సాయంత్రం లెక్కలు చెప్పడానికి వెళ్తే మన తిలకం చెరిగిపోదు. ప్రార్థన మందిరం మీద ఎవరైనా రాళ్లేస్తే అడ్డం నిలబడటం హిందూ ధర్మానికి వ్యతిరేకం కాదు. రాజ్యాంగం 25వ అధికరణ మన గుడికి ఇచ్చిన హక్కునే వాళ్ల చర్చికీ ఇచ్చింది. భుజంగరావు గారు వందేళ్ల కిందటే ఈ పని చేసి చూపించారు.

ఈ వారం అభ్యాసం

ఎప్పటిలాగే మూడు ప్రశ్నలు. నోట్‌బుక్‌లో రాసుకోండి.

1. గత ఏడాదిలో మీరు ఇచ్చిన దానాలు ఐదు రాయండి. ఒక్కొక్కటి ఏ శ్లోకం కిందకి వస్తుంది? ఫోటో తీసి స్టేటస్ పెట్టినవాటిని ఎక్కడ పెడతారు?

2. మీ ఊరి గుడిలో, పేట నుంచి వచ్చిన మనిషికి తీర్థం ఇచ్చే చేయి, మీకిచ్చే చేయి ఒకే ఎత్తులో ఉంటాయా? తెలియకపోతే ఈసారి ఊరు వెళ్లినప్పుడు గమనించండి.

3. మీకు బాగా తెలిసిన ఒక క్రైస్తవ స్నేహితుణ్ని, వాళ్ల ఇంట్లో మొదట ఎవరు చర్చికి వెళ్లారు, ఎందుకు వెళ్లారు అని అడగండి. వాదించకండి. చివరిదాకా వినండి.

వచ్చే వారం ఇదే అధ్యాయంలో తపస్సు గురించిన శ్లోకాలు చెప్పుకుందాం, ముఖ్యంగా మాటతో చేసే తపస్సు. మూడో ప్రశ్న చేసి వస్తే ఆ పాఠం ఇంకా బాగా అర్థమవుతుంది.

జై శ్రీమన్నారాయణ.